పసిపిల్లల్లో మధ్య చెవి ఇన్ఫెక్షన్‌ను ఎలా గుర్తుపట్టాలి?

జలుబు చేసి మూడు రోజులైంది. ముక్కు కారడం తగ్గింది, ఇక ఫర్వాలేదు అనుకునేసరికి అర్ధరాత్రి బిడ్డ లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. భుజాన వేసుకుంటే ఊరుకుంటుంది, పడుకోబెట్టగానే మళ్లీ మొదలు. పాలు పడితే ఆకలిగా అందుకుని, రెండు గుక్కలు మింగి, మొహం తిప్పేసుకుని ఏడుస్తుంది. మాటలు రాని బిడ్డకు చెవిపోటు వస్తే మనకు తెలిసేది చాలాసార్లు ఇలాగే.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

కర్ణభేరి వెనక గాలితో నిండిన చిన్న గది లాంటిది ఉంటుంది. అదే మధ్య చెవి. దాన్నీ ముక్కు వెనక భాగాన్నీ కలిపే సన్నటి దారి యూస్టేషియన్ గొట్టం. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుపోతే లోపల ఊరిన ద్రవం బయటికి పోలేదు. అందులో సూక్ష్మజీవులు పెరిగి చీము పడితే, అది కర్ణభేరిని లోపలి నుంచి బయటికి నెడుతుంది. నొప్పి అక్కడిదే. పడుకుంటే ఆ ఒత్తిడి పెరుగుతుంది, మింగినప్పుడల్లా మారుతుంది. పడుకోబెడితే, పాలు పడితే ఏడవడం అందుకే.

6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. స్నానం చేయించేటప్పుడు చెవిలో నీళ్లు పోయాయేమో అని చాలామంది తల్లులు తమను తాము తిట్టుకుంటారు. కర్ణభేరికి చిల్లు లేకపోతే ఆ నీళ్లు మధ్య చెవిలోకి వెళ్లనే వెళ్లవు. కాబట్టి ఆ బాధ పెట్టుకోకండి.

1. లక్షణాలను కలిపి చూడండి

చెవి లాక్కుంటోందని మాత్రమే ఇన్ఫెక్షన్ అనుకోవద్దు. పళ్లు వస్తున్నా, నిద్ర వస్తున్నా, ఊరికే ఆడుకుంటూ కూడా పిల్లలు చెవి లాక్కుంటారు. జలుబు, జ్వరం, రాత్రి ఏడుపు, పాలు వదిలేయడం, పిలిస్తే పలకకపోవడం, నడకలో తూలడం వంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానించాలి. జ్వరం లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు.

2. నొప్పి తగ్గించండి

చాలామంది మరిచిపోయేది ఇదే. యాంటీబయాటిక్ మొదలుపెట్టినా మొదటి రోజు నొప్పి అంతగా తగ్గదు. బిడ్డ బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వండి. డ్రాప్స్‌కీ సిరప్‌కీ మందు గాఢత వేరుగా ఉంటుంది, కాబట్టి సీసా మీద ఉన్నది చదవకుండా కొలవొద్దు. 6 నెలలు దాటిన పిల్లలకు డాక్టర్ ఐబుప్రొఫెన్ రాయవచ్చు. ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకండి. చెవిలో నూనె గానీ ఇంట్లో మిగిలిన పాత చుక్కలు గానీ వేయకండి, పుల్లలు పెట్టకండి.

3. డాక్టర్‌కు చూపించండి

కర్ణభేరి ఎర్రబడి, ఉబ్బి ఉందో లేదో ఓటోస్కోప్‌తో, అంటే చెవి లోపల చూసే చిన్న లైటున్న పరికరంతో చూస్తేనే తెలుస్తుంది. 3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే రాత్రి అని చూడకుండా వెంటనే తీసుకెళ్లండి. చెవి వెనక ఎర్రగా వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినా, మెడ బిగుసుకున్నా, మూతి ఒక పక్కకు లాగినా, బిడ్డ మత్తుగా పడుకుని లేవకపోయినా అంతే.

4. యాంటీబయాటిక్ గురించి టెన్షన్ పడకండి

రాస్తే ఎందుకు రాశారు, రాయకపోతే ఎందుకు రాయలేదు అని రెండు రకాలుగానూ కంగారు పడతాం. 6 నెలల లోపు పిల్లలకు, నొప్పి తీవ్రంగా ఉన్నవారికి, 102.2 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం ఉన్నవారికి, 2 ఏళ్ల లోపు వయసులో రెండు చెవులకూ వచ్చినవారికి సాధారణంగా వెంటనే మొదలుపెడతారు. మిగతా పిల్లల్లో చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది కాబట్టి 48 నుంచి 72 గంటలు గమనించమంటారు. అది నిర్లక్ష్యం కాదు. ఆలోపు తగ్గకపోయినా, ఎక్కువైనా మళ్లీ చూపించాలి. మందు మొదలుపెట్టాక మాత్రం బిడ్డ నవ్వుతోంది కదా అని మధ్యలో ఆపొద్దు.

5. చెవి కారితే

ఉన్నట్టుండి దిండు మీద పసుపు మరక కనిపిస్తుంది, కాస్త రక్తం కూడా ఉండవచ్చు. విచిత్రంగా బిడ్డ ఏడుపు మాత్రం ఆగిపోతుంది. ఒత్తిడికి కర్ణభేరికి చిన్న చిల్లు పడి చీము బయటికొచ్చిందన్నమాట. చాలావరకు ఆ చిల్లు కొద్ది వారాల్లో పూడిపోతుంది. బయటికి వచ్చినదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, నీళ్లు చెవిలోకి పోకుండా చూస్తూ డాక్టర్‌కు చూపించండి.

6. మళ్లీ మళ్లీ రాకుండా

తల్లిపాలు, న్యుమోకాకల్ టీకా, ఇంట్లో ఎవరూ పొగ తాగకపోవడం నిజంగా పనిచేస్తాయి. సీసాతో పాలు పడితే తల ఎత్తి పట్టుకోండి. పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టి వదిలేయొద్దు.

7. నొప్పి పోయాక వినికిడి గమనించండి

ఇన్ఫెక్షన్ తగ్గినా ద్రవం కొన్ని వారాలు లోపలే ఉండిపోవచ్చు. అప్పుడు బిడ్డకు నొప్పి ఉండదు గానీ, నీళ్లలో మునిగి విన్నట్టు మాటలు మందంగా వినిపిస్తాయి. బిడ్డ చూడకుండా వెనక నిలబడి మెల్లగా పిలవండి. తిరగకపోతే మరో రోజు మళ్లీ పిలిచి చూడండి. అప్పుడూ తిరగకపోయినా, వచ్చిన మాటలు తగ్గినట్టు అనిపించినా డాక్టర్‌కు చెప్పండి. ఎక్కువమందికి 3 నెలల్లో ద్రవం పోతుంది. పోకపోతే వినికిడి పరీక్ష చేయించి, అవసరమైతే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమర్చాలా వద్దా అన్నది ఈఎన్‌టీ డాక్టర్ చూసి చెబుతారు.