పాత టాకీ హారర్ సినిమాలు భయపెట్టాలంటే ఎలా చూడాలి

1930ల మొదట్లో అమెరికాలో చిన్నచిన్న కంపెనీలు చవగ్గా చుట్టేసిన బ్లాక్ అండ్ వైట్ హారర్ సినిమాలంటే నాకు ప్రాణం. ఎవరికైనా చూడమని చెబితే మాత్రం పది నిమిషాలకే ఆపేసి, సౌండ్ బాలేదు, ఏమీ కనబడట్లేదు, ఇందులో భయం ఎక్కడుంది అంటారు. వాళ్లని తప్పు పట్టలేను. నేనూ మొదటిసారి 'వైట్ జాంబీ' (1932) పట్టపగలు ఫోన్‌లో, మసకమసక కాపీలో పెట్టి సగంలో వదిలేశాను. చాలా రోజుల తర్వాత మంచి ప్రింట్ దొరికి రాత్రిపూట చూస్తే, అదే సినిమా నన్ను కుర్చీలోంచి కదలనివ్వలేదు.

కాబట్టి ముందు ప్రింట్ సంగతి చూసుకోండి. అప్పట్లో అమెరికాలో కాపీరైట్ 28 ఏళ్లు, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఈ కంపెనీల్లో చాలావాటికి అప్పటికే దీపం ఆరిపోయింది కాబట్టి పట్టించుకున్నవాళ్లు లేరు, సినిమాలు అందరి సొత్తయిపోయాయి, దాంతో కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసి ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టేశారు. ఒకే సినిమాకి నాలుగైదు వీడియోలు కనిపిస్తే తొందరపడి మొదటిది నొక్కకండి. ఏదైనా రాత్రి సీన్‌కి వెళ్లి చూడండి. మనిషి వెనక చీకట్లో గోడో మెట్లో లీలగా కనిపిస్తుంటే మంచి ప్రింటే, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనకంతా బూడిద ముద్దలా ఉంటే వెంటనే మూసేయండి. నిడివి కూడా చూసుకోండి, ఇవి మామూలుగా గంట, గంటా పది నిమిషాల సినిమాలు, అందులో పది నిమిషాలు తగ్గిందంటే ఎవరో కత్తిరించినట్టే.

టీవీలో అయితే బొమ్మని స్క్రీన్ నిండా సాగదీయకండి, రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండాల్సిందే. కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్ (మోషన్ స్మూతింగ్ అంటారు) ఆపేయండి. లైట్లు కూడా.

ఇక అసలు విషయం సౌండ్. మాటల కింద మ్యూజిక్ కలపడం అప్పటికింకా తలనొప్పి వ్యవహారం, అందుకే తొలి టాకీల్లో చాలావాటికి నేపథ్య సంగీతం ఉండదు, పెద్ద కంపెనీ యూనివర్సల్ తీసిన 'డ్రాక్యులా' (1931)లో కూడా టైటిల్స్‌కి 'స్వాన్ లేక్' వినిపించాక దాదాపు అంతా నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దంలో సన్నటి బర్ర్ మనే మోత వస్తుంటుంది. మనకి అలవాటు లేక ఏదో పోయిందనుకుని వాల్యూమ్ పెంచుతాం, తగ్గిస్తాం, చివరికి ఫోన్ తీస్తాం. ఫోన్ పక్క గదిలో పెట్టండి. మాటలు వినబడే స్థాయికి వాల్యూమ్ ఒకసారి పెట్టి ఇక ముట్టుకోకండి. చెవులు సర్దుకోవడానికి ఓ పావుగంట పడుతుంది, ఆ తర్వాత తలుపు చప్పుడు కూడా వేరేగా వినిపిస్తుంది.

'వైట్ జాంబీ'లో చెరకు మిల్లు సీన్ చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. ఆ సినిమాలో మ్యూజిక్ బాగానే ఉంది, ఈ సీన్‌లో మాత్రం లేదు, కర్ర యంత్రం కిర్రు... కిర్రుమంటూ మూలుగుతుంటుంది అంతే. నెత్తిన బుట్టలతో జాంబీలు, అంటే మంత్రంతో లేపి పని చేయించే శవాల్లాంటి మనుషులు, వరసగా నడుస్తుంటారు, వాళ్ల కళ్లలో ఏమీ ఉండదు. ఒకడు తూలి గానుగలో పడిపోతాడు. అరుపు లేదు, ఎవరూ తల తిప్పరు, గానుగ ఆగదు. హాల్పెరిన్ సోదరులు ఈ సినిమాని సుమారు 11 రోజుల్లో తీశారంటారు, అదీ యూనివర్సల్ స్టూడియోలో చోటు అద్దెకి తీసుకుని, పాత సెట్లు వాడుకుంటూ. డబ్బు పెట్టి ఇంతకన్నా ఎక్కువ భయపెట్టిన సీన్ నేనైతే చూడలేదు.

ఇలాంటి సీన్ భయపెట్టాలంటే ముందు ఈ కాలపు సినిమాలకి అలవాటు పడాలి, అందుకే వరస ముఖ్యం. 1931లో వచ్చిన 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' ముందు చూసేయండి. తర్వాత మెజెస్టిక్ కంపెనీ 'ది వ్యాంపైర్ బ్యాట్' (1933) పెట్టండి, ఆ ఊరి వీధులు ఎక్కడో చూసినట్టుంటాయి, అవి 'ఫ్రాంకెన్‌స్టైన్' వీధులే. నటుడు డ్వైట్ ఫ్రై కూడా తెలిసిన మొహమే, 'డ్రాక్యులా'లో రెన్‌ఫీల్డ్, 'ఫ్రాంకెన్‌స్టైన్'లో గూని ఫ్రిట్జ్, ఇక్కడ గబ్బిలాల్ని ముద్దుచేసే అమాయకుడు హెర్మన్. గబ్బిలం మెత్తగా ఉంటుందని అతను మురిసిపోతుంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఊరంతా కాగడాలు పట్టుకుని అతని వెంటపడినప్పుడు ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. ఆ తర్వాతే 'వైట్ జాంబీ'కి వెళ్లండి. రాత్రికి ఒకటి చాలు, రెండోది పెడితే మొదటిది చెదిరిపోతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. నల్లజాతి వాళ్లని ఈ సినిమాలు చూపించిన తీరు చాలాచోట్ల బాధ పెడుతుంది. 'ది మాన్‌స్టర్ వాక్స్' (1932)లో విల్లీ బెస్ట్ అనే నటుడికి టైటిల్స్‌లో సొంత పేరు కూడా వేయలేదు, 'స్లీప్ అండ్ ఈట్' అని వేశారు. పిల్లలతో చూస్తుంటే అక్కడ ఆపి చెప్పండి, దాటేయకండి.

'వైట్ జాంబీ' చూసిన మర్నాడు ఆ మిల్లు సీన్ ఒక్కటీ మళ్లీ పెట్టి, ఈసారి కళ్లు మూసుకుని వినండి.