చిన్న తెరచాప పడవకు బ్యాటరీ ఎంచుకోవడం, ఛార్జ్ చేయడం ఎలా?

1. ముందు రోజు వాడకం లెక్కేయండి. ఒక్కో పరికరం లాగే ఆంపియర్లను అది నడిచే గంటలతో గుణిస్తే ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) వస్తుంది. ఫ్రిజ్ లేని పాతిక అడుగుల పడవలో లెక్క దాదాపు ఇలా ఉంటుంది: వీహెచ్ఎఫ్ రేడియో (ఇతర పడవలతో, తీరంతో మాట్లాడేది) 5, జీపీఎస్ ప్లాటర్ (మ్యాపుపై పడవ ఎక్కడుందో చూపే తెర) 8, ఆటోపైలట్ 12, లంగరు దీపం 2, లోపలి ఎల్ఈడీలు 3, ఫోన్లు 4. మొత్తం 34. పైన కొంత కలిపి 40 అనుకోండి. ఫ్రిజ్ పెడితే ఇది రెట్టింపు కావచ్చు.

2. ఆ లెక్కను బట్టి సైజు. రెండు రోజులు ఎండ లేకపోయినా గడవాలంటే 80 ఏహెచ్ కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఛార్జ్‌ను సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి 160 ఏహెచ్ కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 80 శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి 100 చాలు.

3. రకం. కారు బ్యాటరీ వద్దు. దాని పలచటి ప్లేట్లు ఇంజన్‌ను తిప్పడానికి క్షణకాలం భారీ కరెంటు ఇవ్వడానికే. పదేపదే లోతుగా దించితే త్వరగా చెడిపోతాయి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబ్యులర్ లోతైన వాడకానికి తట్టుకుంటుంది గానీ, పడవ ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది. ఆ యాసిడ్‌లో ఉప్పునీరు కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. సీల్డ్ ఏజీఎం (యాసిడ్‌ను గాజునార పొరల్లో పీల్చి ఉంచే, ఒలకని లెడ్ యాసిడ్ రకం) అందరికీ సరిపోతుంది. బరువు తగ్గాలంటే లిథియమే, కానీ బీఎంఎస్ (బ్యాటరీని అతిగా ఎక్కకుండా, దిగకుండా కాపాడే సర్క్యూట్) లేనిది చవగ్గా దొరికినా కొనకండి. మోటారు స్టార్టింగ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి.

4. బిగించడం. బ్యాటరీని పెట్టెలో పెట్టి, పడవ ఒరిగినా కదలకుండా పట్టీతో కట్టండి. ప్లస్ తీగకు టెర్మినల్ నుంచి ఏడంగుళాల లోపే ఫ్యూజు వేయండి. గాలి ఆడాలి, ఛార్జింగ్‌లో లెడ్ యాసిడ్ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

5. ఛార్జింగ్. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది, చివరి 20 శాతానికి గంటలు పడుతుంది. మోటారును గంటసేపు నడిపి "నిండింది" అనుకుని ఆపేస్తే ప్లేట్లపై సల్ఫేట్ గట్టిపడి, వారాల్లోనే సామర్థ్యం పడిపోతుంది. పైగా చిన్న అవుట్‌బోర్డులు (పడవ వెనక తగిలించే మోటార్లు) వేగంగా తిరిగినప్పుడే 6 నుంచి 10 ఆంపియర్లు ఇస్తాయి. ఆ చివరి 20 శాతం నింపే పనికి సోలారే తగింది. మంచి ఎండలో 100 వాట్ల ప్యానెల్ రోజుకు 25 నుంచి 30 ఏహెచ్ ఇస్తుంది, అంటే 40 ఏహెచ్ వాడకానికి 150 నుంచి 200 వాట్లు కావాలి. బూమ్ (తెరచాప కింది అంచును పట్టే కర్ర) నీడ పడని చోట ప్యానెల్ బిగించండి. ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్‌లో బ్యాటరీ రకాన్ని సరిగ్గా పెట్టండి. ఏజీఎంకు అబ్జార్ప్షన్ (చివరి భాగం నింపే దశ) 14.4, ఫ్లోట్ (నిండాక అలాగే నిలిపే దశ) 13.5 వోల్టులు మామూలు. తయారీదారు వేరే అంకె ఇస్తే అదే వాడండి. ఈ అంకెలు 25 డిగ్రీలకు. ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.03 వోల్టు తగ్గాలి. మే నెలలో విశాఖ, కాకినాడ తీరంలో పడవ లోపల 38 డిగ్రీలుంటే 14.0 చాలు. టెంపరేచర్ సెన్సర్ ఉన్న కంట్రోలర్ కొంటే ఈ బెడద ఉండదు. లిథియంకు ఈ తగ్గింపు అక్కర్లేదు, కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు.

6. తనిఖీ. లోడ్, ఛార్జింగ్ రెండూ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెట్టండి. లెడ్ యాసిడ్‌కు 12.7 అంటే నిండుగా, 12.2 అంటే సగం. లిథియంకు వోల్టేజీ చూసి చెప్పలేం, షంట్ (వచ్చే, పోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న మానిటర్ కావాలి. వానాకాలంలో పడవను ఒడ్డున పెట్టేటప్పుడు లెడ్ యాసిడ్‌ను నిండా, లిథియంను సగం వరకు ఛార్జ్ చేసి మైనస్ తీగ ఊడదీయండి.