సొంత పార్టీవాళ్లే బిల్లుకు అడ్డుపడితే: జపాన్ అనుభవం నుంచి

జపాన్‌లో లిబరల్ డెమోక్రటిక్ పార్టీ అధికారంలో ఉంటే, ప్రభుత్వ బిల్లు కేబినెట్‌కు వెళ్లేలోపు పార్టీలో మూడు మెట్లు ఎక్కాలి. మొదటిది విధాన పరిశోధన మండలిలోని విభాగం. దాదాపు ఒక్కో మంత్రిత్వ శాఖకు ఒక్కో విభాగం ఉంటుంది. తర్వాత ఆ మండలి పరిశీలన సంఘం, ఆపైన ‘సోముకై’ అనే పార్టీ నిర్ణాయక సభ. కేబినెట్ కంటే ముందే బిల్లును తమకు చూపించాలని 1962లో సోముకై అధ్యక్షుడు అకాగి మునెనోరి ప్రభుత్వానికి లేఖ రాశాక ఈ పద్ధతి స్థిరపడింది.

సమస్య: విభాగంలో బిల్లు కదలడం లేదు.
కారణం: అందరూ ఒప్పుకున్నాకే ముందుకు పంపడం అక్కడి ఆనవాయితీ. రైతుల తరఫునో డాక్టర్ల తరఫునో గట్టిగా పట్టుబట్టే నలుగురున్నా చాలు, ఆగిపోతుంది.
పరిష్కారం: శాఖ అధికారులు ఆ సభ్యుల దగ్గరికి ఒక్కొక్కరిగా వెళ్లి వివరించాలి, అవసరమైతే ముసాయిదా మార్చాలి. అప్పటికీ తేలకపోతే తుది నిర్ణయాన్ని ఆ విభాగం అధ్యక్షుడికి వదిలేస్తారు. అయితే వ్యతిరేకించేవాళ్లు అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే.

సమస్య: పార్టీ ఆమోదించిన బిల్లుకు సభలో సొంతవాళ్లే ఎదురు ఓటేశారు.
కారణం: పైన చెప్పిన ఒప్పుకోలు నిజంగా రాలేదు. 2005లో ప్రధాని కొయిజుమి తెచ్చిన పోస్టల్ ప్రైవేటీకరణ బిల్లుకు సోముకైలో ఏకాభిప్రాయం కుదరక, ఆనవాయితీ తప్పి మెజారిటీ ఓటుతో గట్టెక్కించారు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోయే మనలాంటి చట్టం అక్కడ లేదు. జూలై 5న దిగువ సభలో 233-228తో బతికి బయటపడిన బిల్లు, ఆగస్టు 8న ఎగువ సభలో 108-125తో ఓడిపోయింది.
పరిష్కారం: కొయిజుమి దిగువ సభను రద్దు చేసి, ఎదురు తిరిగినవాళ్లకు టికెట్లు నిరాకరించి, 480లో 296 సీట్లు గెలిచారు. బిల్లు అక్టోబరులో పాసయింది. కానీ ప్రజాదరణ అంత ఎక్కువగా లేని నాయకుడు ఈ దారి పట్టకూడదు. సోముకైలో ఓటింగ్ పెట్టక తప్పని పరిస్థితి వస్తే, బిల్లును ఒక మెట్టు వెనక్కి పంపడమే మేలని నేను నమ్ముతాను.

సమస్య: కమిటీనే తీసేశారు, అసంతృప్తి పెరిగింది.
కారణం: 2009లో గెలిచిన డెమోక్రటిక్ పార్టీ తన విధాన మండలిని రద్దు చేసింది. పదవుల్లేని ఎంపీలకు మాట చెప్పుకునే చోటు లేకుండా పోయింది.
పరిష్కారం: 2010లో ప్రధాని కాన్ నవోతో మండలిని మళ్లీ తెచ్చారు. అది మాత్రమే సరిపోలేదు. 2012 మార్చిలో వినియోగ పన్ను పెంపుపై వ్యతిరేకత చల్లారకముందే, నిర్ణయం తనకు వదిలేయాలంటూ మండలి అధ్యక్షుడు చర్చ ముగించారు. జూన్ 26న దిగువ సభలో 57 మంది సొంత ఎంపీలు వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు నెగ్గినా, జూలైలో పార్టీ చీలింది.