డాలస్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లకు: కరెంటు పోయే రాత్రికి ముందే చేసుకోవలసినవి

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో కాపురం పెట్టేవారికి సోషల్ సెక్యూరిటీ నంబరు గురించీ, డ్రైవింగ్ లైసెన్సు గురించీ చెప్పేవాళ్లు వీధికి నలుగురుంటారు కాబట్టి వాటి జోలికి పోను. మొన్న కరెంటు పోయిన చలిరాత్రి మా కాంప్లెక్సులో కొత్తగా దిగిన ఒక కుటుంబం, బాల్కనీలో ఉండవలసిన బొగ్గుల గ్రిల్లును హాల్లోకి తెచ్చి వెలిగించి, చలిగాలి రాకుండా తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి కూర్చోవడం చూశాక ఇది రాయక తప్పలేదు.

టెక్సాస్ అంటే ఎండలనుకునే అందరం వస్తాం. నేను వచ్చిన తొలి చలికాలంలోనే, 2021 ఫిబ్రవరి 16న, డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 1949 తరువాత ఈ ప్రాంతం అంత చలి ఎరగదు. రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మా ఇంట్లో పొయ్యి, హీటరు రెండూ కరెంటువే కావడంతో ఆ వారం అటుకులు, బ్రెడ్డుతో గడిచింది. పై అంతస్తులో నీరు గడ్డకట్టి పైపు పగిలి, నానిన సీలింగు ముక్కలు ముక్కలుగా మా సోఫా మీద పడుతుంటే, నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుందో చెప్పడానికి కాంప్లెక్సు ఆఫీసులో ఫోను ఎత్తే మనిషి లేడు. అందుకే తాళాలు తీసుకునే రోజునే ఆ వాల్వు చూపించమని అడగండి. గడ్డకట్టే చలి వస్తుందన్న రోజు కొళాయిలను సన్నటి ధారగా వదిలి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. తాగే నీళ్లు మనిషికి రోజుకు ఒక గాలన్ (సుమారు 3.8 లీటర్లు) చొప్పున కనీసం మూడు రోజులకు నిలవ చేసుకోండి. కరెంటు వచ్చాక కూడా నీళ్లు మరిగించే తాగమని నోటీసు రావచ్చు.

ఇక అసలు విషయం, కార్బన్ మోనాక్సైడు. మన ఊళ్లో పెంకుటింట్లో కుంపటి పెట్టుకుని చలి కాచుకున్నవాళ్లం కదా, ఇక్కడేమవుతుందని చాలామంది అడుగుతారు. ఆ ఇంట్లో పెంకుల సందుల నుంచీ, చూరు కింద నుంచీ గాలి ఆడేది. ఇక్కడి ఇళ్లను గాలి చొరబడకుండా బిగించి కడతారు. బొగ్గులు, జనరేటరు, గ్యారేజీలో నడుస్తున్న కారు, ఏది వదిలినా ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, కడుపులో తిప్పడం, ఆ తరువాత మత్తు. అలసటేమోనని పడుకున్నవారు మళ్లీ లేవరు. 2021లో హ్యూస్టన్‌లో ఫోను చార్జింగు కోసం, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు నడిపిన ఇంట్లో ప్రాణాలు పోయాయి. ఇంట్లో అందరికీ ఒకేసారి తల నొప్పి మొదలైతే కారణం వెతుకుతూ కూర్చోకుండా బయటికి వచ్చి, బయటి నుంచే 911కు ఫోను చేయండి. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. గ్యాసు పొయ్యి ఉన్నవారు దాన్ని హీటరుగా వాడకూడదు.

మన ఇళ్లలో దీనికి తోడు మరొకటుంది. తాలింపులో ఎండుమిరపకాయలు పడగానే పొగ అలారం గోల పెడుతుంది. దాంతో దానికి షవర్ క్యాపు తొడిగి, లేదా బ్యాటరీ పీకి చెంచాల డ్రాయరులో పడేసి, హాయిగా వంట చేసుకుంటారు. చాలా ఇళ్లలో పొగనూ ఈ వాయువునూ పసిగట్టేది ఆ ఒక్క డబ్బాయే! ఎగ్జాస్టు ఫ్యాను వేసి, కిటికీ తీసి తాలింపు పెట్టడం అంత కష్టమా? గ్యాసు కనెక్షను లేని అపార్ట్‌మెంట్లలోనైతే పొగ అలారం తప్ప రెండోది అసలు ఉండకపోవచ్చు, మీదేదో నిచ్చెన వేసుకుని చూడండి.

సుడిగాలి సంగతి క్లుప్తంగా చెబుతాను. విశాఖవారు హుద్‌హుద్ చూశామంటారు గానీ, 2014లో ఆ తుఫాను వస్తోందని రోజుల ముందే తెలుసు. ఇక్కడ టోర్నడో వార్నింగు వచ్చాక చేతిలో ఉండేది నిమిషాలే. కింది అంతస్తులో, కిటికీలు లేని బాత్రూమో క్లోజెట్టో ముందే చూసి పెట్టుకోండి. డాలస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్లు పరీక్షిస్తారు, అదొక్కటే ఉత్తుత్తిది.

మీరిద్దరూ ఆఫీసులో ఉండగా ఇంట్లో ఒంటరిగా మిగిలేది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అలారం మోగితే ఏ తలుపు గుండా వెళ్లాలో, ఎవరి ఇంటి తలుపు తట్టాలో వారిని వెంటబెట్టుకుని నడిపించి చూపండి; ఫ్లాటు నంబరు, వీధి పేరు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వారి బీపీ, షుగరు మాత్రలు రెండు వారాలకు ఎప్పుడూ ఎక్కువగానే ఉండాలి. మీ బ్లాకులో ఎవరికి గ్యాసు పొయ్యి ఉంది, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరు నర్సు అన్నది పండుగ భోజనాల నాడే మాట్లాడుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టుకోండి, కరెంటు పోయాక ఫోన్లు పనిచేస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి కాగితం మీద కూడా. పాస్‌పోర్టులు, ఐ-797 కాగితాలు (ఇమ్మిగ్రేషన్ శాఖ పంపే నోటీసులు) ఒకే జిప్ సంచిలో ఉండాలి.

ఇదంతా చదివి టికెట్టు వెనక్కి బుక్ చేయనక్కరలేదు. ఇక్కడ చాలా చలికాలాలు రెండు రోజుల మంచుతో, పిల్లల బడి సెలవుతో గడిచిపోతాయి, నిజంగా అవసరం పడితే పరిచయం లేని పొరుగువారు కూడా దుప్పట్లు పట్టుకుని వస్తారని ఒప్పుకోవాలి. పనంతా కలిపి ఒక శనివారం పట్టదు. ఆ శనివారం మొదట హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడు అలారం కొని, పడకగదుల దగ్గర పెట్టి, టెస్టు బటను నొక్కి ఆ మోత ఇంట్లో అందరికీ వినిపించండి.