తీరం ఎంత బాగుండాలో జనాన్ని అడిగి లక్ష్యం పెట్టడం ఎలా?

"సముద్రం నీళ్లు శుభ్రంగా ఉండాలా?" అని అడిగితే కాదనేవాళ్లు ఉండరు. ఆ జవాబుతో ఏ లక్ష్యమూ రాయలేం. జనం నుంచి మనకు కావాల్సింది వేరే సంగతి: ఎంత బాగుంటే చాలంటారు, ఎక్కడికి దిగజారితే ఊరుకోరు?

1. ఏది అడగాలో, ఏది అడగకూడదో తేల్చుకోండి

ఆరోగ్యానికి సంబంధించిన కనీస ప్రమాణాలు ఓటుకు పెట్టేవి కావు. ఈత కొట్టే నీటికి అమెరికా పర్యావరణ సంస్థ 2012లో సూచించిన పరిమితుల్లో ఒకటి, 100 మిల్లీలీటర్లకు ఎంటెరోకాకస్ (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) సంఖ్య గుణోత్తర సగటున (ఒకటి రెండు భారీ అంకెలకు ఎక్కువగా లొంగని సగటు) 35. జనం "50 ఉన్నా ఫర్వాలేదు" అన్నంత మాత్రాన రోగం రాకుండా పోదు. కానీ కలుషిత నీటి వల్ల ఏడాదికి ఎన్ని రోజులు బీచ్ మూసేస్తే ఓర్చుకుంటారన్నది మాత్రం అచ్చంగా వాళ్లే చెప్పాల్సిన విషయం. చేపలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్న కూడా సర్వేలో వద్దు. దాన్ని కొలతలతోనే తేల్చాలి.

2. కంటికి కనిపించే సూచికలు ఎంచుకోండి

నాలుగు నుంచి ఆరు చాలు. ప్రతి సూచికనూ శాస్త్రవేత్త కొలవగలగాలి, మామూలు మనిషి గుర్తుపట్టగలగాలి. నీటి స్వచ్ఛత, సముద్ర గడ్డి (తీరం దగ్గర నీటి అడుగున పెరిగే గడ్డి) విస్తీర్ణం, తినడానికి భద్రమైన ఆల్చిప్పలు దొరికే తీరం పొడవు, బీచ్ మూసివేత రోజులు బాగా పనికొస్తాయి. "కరిగిన నత్రజని" పనికిరాదు. దాని మీద అభిప్రాయం అడిగితే ఊహే వస్తుంది.

మంచి సూచిక ఎంత సాదాగా ఉండొచ్చో అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బే అనే అఖాతంలో కలిసే పటుక్సెంట్ నది చూపించింది. మేరీల్యాండ్ రాష్ట్ర సెనేటర్‌గా పనిచేసిన బెర్నీ ఫౌలర్ 1988 నుంచి ఏటా తెల్ల బూట్లు వేసుకుని జనంతో కలిసి ఆ నదిలోకి నడిచేవారు. బూట్లు కనిపించకుండా పోయిన లోతే ఆ ఏటి లెక్క. సెక్కీ డిస్క్ (నీటిలోకి దించి, ఎంత లోతులో కనిపించకుండా పోతుందో చూసే పలక) చేసే పనీ అదే. కాకపోతే డిస్క్ లెక్క పత్రికల్లో రాదు, బూట్ల లెక్క వచ్చేది.

3. ప్రశ్నను ఫొటోలతో వేయండి

ఎక్కువ సర్వేలు చెడిపోయేది ఇక్కడే. సముద్ర గడ్డి గురించి అడగాలంటే ఒకే చోటు, ఒకే వెలుతురు, ఒకే కోణంలో ఉన్న ఆరు చిత్రాలు తయారు చేయండి. వాటిలో మారేది గడ్డి పరచుకున్న శాతం ఒక్కటే: 0, 10, 25, 50, 75, 90. ఒక ఫొటోలో నీలాకాశం, మరోదానిలో మబ్బు ఉంటే జనం గడ్డికి కాదు, వాతావరణానికి మార్కులు వేస్తారు. ఒక్కో మనిషికి ఫొటోల వరస మార్చి చూపించండి.

ప్రతి ఫొటోకీ −4 (అస్సలు ఒప్పుకోను) నుంచి +4 (పూర్తిగా ఒప్పుకుంటాను) దాకా మార్కు వేయమనండి. "అందమైన", "నాశనమైన" లాంటి మాటలు ప్రశ్నలో రానివ్వద్దు. అసలు సర్వేకి ముందు 15–20 మందితో నింపించి చూడండి. ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో అక్కడ ప్రశ్న సరిగ్గా లేదన్నమాట.

4. ఎవరిని, ఎంతమందిని?

యాదృచ్ఛికంగా ఎంచిన 400 మంది జవాబిస్తే శాతాల్లో పొరపాటు 95 శాతం నమ్మకంతో ±5 లోపు ఉంటుంది. 100 మందైతే ±10. పొరపాటు సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. నలుగురిలో ఒక్కరే జవాబిస్తారనుకుంటే 400 కోసం 1600 మందిని అడగాలి.

మొత్తం జనాభాలో మత్స్యకారులు కొద్దిమందే కాబట్టి యాదృచ్ఛిక శాంపిల్‌లో దాదాపు కనిపించరు. వాళ్లకు విడిగా కనీసం 100 మంది శాంపిల్ తీసి, ఫలితం కూడా విడిగానే చూపండి. ఆన్‌లైన్ లింక్ వదిలేసి వచ్చినన్ని జవాబులు లెక్కేస్తే, కోపం ఉన్నవాళ్ల లెక్కే ఎక్కువ వస్తుంది. వేల జవాబులొచ్చినా ఆ లోపం పోదు.

5. గీత ఎక్కడ దాటిందో చూడండి

ఒక్కో ఫొటోకి సగటు తీసి గ్రాఫ్ గీయండి. గీత సున్నాను దాటే చోటే జనం ఒప్పుకునే కనీస స్థితి. ఉదాహరణకు 25 శాతం గడ్డి ఫొటోకి సగటు −1.2, 50 శాతం ఫొటోకి +1.3 వచ్చిందనుకుందాం. రెండింటి మధ్య సరళరేఖ గీస్తే అది సున్నాను దాటేది 37 శాతం దగ్గర.

సగటును ఒంటరిగా నమ్మొద్దు. అందరూ 0 వేసినా, సగం మంది +4, సగం మంది −4 వేసినా సగటు సున్నానే. మొదటిది పట్టనితనం, రెండోది తగువు. తగువైతే లక్ష్యం రాసే ముందు రెండు పక్షాలనూ కూర్చోబెట్టాలి.

6. శాస్త్రంతో సరిపోల్చి లక్ష్యం రాయండి

జనం 37 అన్నారు, గడ్డి మైదానం నిలదొక్కుకోవడానికి 45 కావాలని జీవశాస్త్రవేత్తలు తేల్చారనుకుందాం. అప్పుడు 45 తీసుకోవాలి. జనమే ఎక్కువ కోరితే, సాధ్యమైనంత మేర వాళ్ల మాటే లక్ష్యం. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. మనం చిన్నప్పుడు చూసిన తీరమే అసలు తీరం అనుకుంటాం. ఒక్కో తరం ఇంకాస్త పాడైన తీరాన్ని మామూలుగా భావిస్తుంది. 1995లో శాస్త్రవేత్త డేనియల్ పాలీ మత్స్య శాస్త్రంలో ఎత్తిచూపిన సమస్య ఇదే. అందుకే ఫలితాలను వయసువారీగా విడదీయండి, పాత మ్యాపులూ ఫొటోలూ పక్కన పెట్టండి.

లక్ష్యంలో సూచిక, అంకె, చోటు, గడువు నాలుగూ ఉండాలి: "ఫలానా అఖాతంలో పదేళ్లలో సముద్ర గడ్డి 45 శాతం, ఐదో ఏటికి 35."

7. మళ్లీ అడగండి

ఐదేళ్లకోసారి చాలు. అవే ఫొటోలు, అవే మాటలు, అదే స్కేలు వాడాలి కాబట్టి మొదటిసారే అన్నీ భద్రపరచండి. ఫొటో మార్చక తప్పకపోతే, ఆ విడత సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించండి. మార్కుల్లో తేడా అభిప్రాయం మారడం వల్ల వచ్చిందో, ఫొటో మారడం వల్ల వచ్చిందో అలా తెలుస్తుంది.