ఎస్‌క్యూఎల్ టేబుల్‌లో కొత్త వరుసలు చేర్చే పద్ధతి

ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేసుకు ఆదేశాలిచ్చే భాష. ఒక కిరాణా దుకాణం లెక్కల కోసం 'సరుకులు' అనే టేబుల్ ఉందనీ, అందులో క్రమసంఖ్య, పేరు, నిల్వ, ధర అనే నాలుగు కాలమ్‌లు ఉన్నాయనీ అనుకుందాం. క్రమసంఖ్యను డేటాబేసే వేసుకునేలా టేబుల్‌ను తయారుచేసి ఉంటే, మిగిలిన మూడు విలువలు ఇస్తే చాలు. ఆదేశం ఇలా ఉంటుంది. కీవర్డులను, అంటే ఇన్సర్ట్ ఇంటూ (INSERT INTO), వాల్యూస్ (VALUES) వంటి ఎస్‌క్యూఎల్ సొంత పదాలను, మాత్రం ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి.

ఇన్సర్ట్ ఇంటూ సరుకులు (పేరు, నిల్వ, ధర) వాల్యూస్ ('కందిపప్పు', 40, 160);

అక్షరాలతో కూడిన విలువలకు సింగిల్ కోట్స్ పెట్టాలి, అంకెలకు అక్కర్లేదు. మొదటి బ్రాకెట్లలోని కాలమ్‌ల జాబితాను వదిలేసినా చాలా డేటాబేసులు ఊరుకుంటాయి గానీ, అప్పుడు విలువలన్నీ టేబుల్‌లో కాలమ్‌లు ఉన్న క్రమంలోనే ఇవ్వాలి. నిల్వ, ధర రెండూ అంకెలే కాబట్టి అవి తారుమారైతే ఏ ఎర్రరూ రాదు; 40 కిలోల పప్పు కాస్తా 160 కిలోలై, ధర 40 రూపాయలకు పడిపోతుంది. జాబితా రాయడానికి బద్ధకించి నేనూ ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాను.

ఒకేసారి పలు సరుకులు చేర్చాలంటే వాల్యూస్ తరువాత ఒక్కో వరుసకు ఒక్కో జత బ్రాకెట్లు రాసి, మధ్య కామా పెడితే సరిపోతుంది.

తెలుగు పేర్ల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. 'కందిపప్పు' మన కంటికి నాలుగక్షరాలే అయినా, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో అది తొమ్మిది క్యారెక్టర్లు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున 27 బైట్లు. పేరు కాలమ్‌ను వార్‌చార్ (8), అంటే ఎనిమిది క్యారెక్టర్లకు మించనిది, అని పెట్టుకుంటే, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు స్ట్రిక్ట్ మోడ్‌లో (సరిపడని విలువను ఒప్పుకోని అమరికలో) ఆ వరుసను తిరస్కరిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌కు యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 క్యారెక్టర్ సెట్ ఎంచుకోవడం మేలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే కాలమ్‌ను యూనికోడ్ అక్షరాలు దాచే ఎన్‌వార్‌చార్ రకంగా పెట్టి, కోట్‌కు ముందు పెద్ద ఎన్ అక్షరం చేర్చాలి; అది మరిచిపోతే సాధారణంగా పప్పుకు బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

దుకాణం అసలు లెక్కల్లో చేర్చేటప్పుడు, మైఎస్‌క్యూఎల్‌లో గానీ పోస్ట్‌గ్రెస్‌లో గానీ ముందుగా స్టార్ట్ ట్రాన్సాక్షన్ అని ఇచ్చి, ఇన్సర్ట్ నడిపి, సెలెక్ట్‌తో ఆ వరుసలను ఒకసారి చూసుకోవాలి. అంతా సరిగ్గా ఉంటే మార్పును ఖాయం చేసే కమిట్, ఏదైనా తేడాగా కనిపిస్తే దాన్ని వెనక్కు తీసుకునే రోల్‌బ్యాక్ ఇవ్వాలి.