పనిలో గాయపడితే ఈఎస్‌ఐ వైకల్య భృతి: నెలకు ఎంత వస్తుంది, ఎలా అడగాలి

ఈఎస్‌ఐ ఇచ్చే వైకల్య భృతి రెండు అంకెల మీద నడుస్తుంది. ఒకటి మీ సగటు రోజు జీతం. రెండోది సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చూసి మెడికల్ బోర్డు వేసే శాతం. గాయపడ్డవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రెండోదాని గురించే కంగారు పడతారు. మొదటి అంకె మాత్రం ప్రమాదానికి నెలల ముందే, యజమాని ఈఎస్‌ఐ పోర్టల్‌లో మీ పేరు మీద ఎక్కించిన జీతాన్ని బట్టి ఖాయమైపోయి ఉంటుంది. అందుకే ఈ సంగతి గాయపడ్డవాళ్లకే కాదు, ఒళ్లు బాగుండి రోజూ డ్యూటీకి వెళ్తున్నవాళ్లకు కూడా తెలియాలి.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి (వికలాంగ ఉద్యోగులకు 25,000), మీ సంస్థ ఈఎస్‌ఐ కింద ఉంటే మీరు బీమా ఉన్న కార్మికులే. జీతంలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జబ్బు చేస్తే ఇచ్చే భృతికి ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది. పనిలో తగిలిన గాయానికి ఆ షరతు లేదు. చేరిన మొదటి రోజే మిషన్‌లో చెయ్యి పడినా భృతి వస్తుంది. యజమాని చందా కట్టకుండా ఎగ్గొట్టినా కార్మికుడి హక్కు పోదు. ఈఎస్‌ఐ సంస్థే భృతి ఇచ్చి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుడైనా అంతే. ఇంటి నుంచి పనికి వెళ్తూనో, పని నుంచి ఇంటికి వస్తూనో దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా 2010 సవరణ తర్వాత పని ప్రమాదంగానే చూస్తారు. కాకపోతే ఆ సమయానికి, ఆ దారికి, మీ డ్యూటీకి పొంతన కుదరాలి.

మొదటి అంకె: సగటు రోజు జీతం

ఈఎస్‌ఐ ఏడాదిని రెండుగా చూస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందా, మరుసటి ఏడాది జనవరి నుంచి జూన్ దాకా వచ్చే భృతులకు లెక్క. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినది ఆ జులై నుంచి డిసెంబరుకు. అంటే 2026 ఫిబ్రవరిలో ప్రమాదం జరిగితే 2025 ఏప్రిల్–సెప్టెంబరు జీతాలు తీస్తారు. ఆ ఆరు నెలల మొత్తం జీతాన్ని, జీతం చెల్లించినట్టు నమోదైన రోజులతో భాగిస్తే సగటు రోజు జీతం వస్తుంది. అందులో 90 శాతం పూర్తి రేటు. కొత్తగా చేరి అప్పటికి ఆ లెక్క లేనివాళ్లకు ప్రమాదం నాటి జీతం ఆధారంగా రేటు కడతారు.

ఒక లెక్క చూద్దాం. నెలకు 16,470 చొప్పున ఆరు నెలలకు 98,820 రూపాయలు, 183 రోజులూ జీతం చెల్లించినట్టు నమోదైందనుకోండి. రోజుకు 540 పడుతుంది. పూర్తి రేటు 486.

ఇప్పుడు అదే కార్మికుడికి చేతికి 16,470 ఇస్తూ, పోర్టల్‌లో మాత్రం 10,980 చూపించాడు యజమాని. సగటు 360కి, రేటు 324కి పడిపోతుంది. బొటనవేలు పోయిందనుకుంటే దానికి శాతం 30, అంటే పూర్తి రేటులో 30 శాతం శాశ్వత భృతిగా వస్తుంది. మొదటి లెక్కలో రోజుకు 145.80, ముప్పై రోజుల నెలకు 4,374 రూపాయలు. రెండో లెక్కలో రోజుకు 97.20, నెలకు 2,916. తేడా 1,458 రూపాయలు. ఒక్క నెలకో రెండు నెలలకో పోయే సొమ్ము కాదిది, బతికినన్నాళ్లూ ప్రతి నెలా పోతుంది. చందా తగ్గితే మన జేబులో నాలుగు రూపాయలు మిగులుతాయని కార్మికుడు కూడా ఒప్పుకునే ఈ సర్దుబాటు వల్ల ఇంత నష్టం ఉంది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ వచ్చేదాకా ఓవర్‌టైం డబ్బు కూడా చందా లెక్కలోకి రావాల్సి ఉండేది. 21,000 పరిమితి చూసేటప్పుడు మాత్రమే దాన్ని వదిలేసేవారు.

కాబట్టి ఐపీ నంబరుతో (ఈఎస్‌ఐలో మీకిచ్చిన బీమా నంబరు) ఈఎస్‌ఐ పోర్టల్‌లోకి వెళ్లి, నెలనెలా ఎంత జీతం, ఎన్ని రోజులు ఎక్కించారో పేస్లిప్‌తో పోల్చి చూసుకోండి. తేడా కనబడితే ఇప్పుడే హెచ్‌ఆర్‌ను అడగండి, జవాబు రాకపోతే ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రమాదం జరిగాక పాత నెలల జీతం సరిచేయించడం చాలా కష్టం.

గాయం మానేదాకా: తాత్కాలిక భృతి

ఆఫీసుల్లో దీన్ని టీడీబీ అంటారు. గాయం వల్ల, ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే పూర్తి రేటు ఇస్తారు. పై లెక్క ప్రకారం రోజుకు 486 రూపాయలు. ఎన్ని రోజులన్న పరిమితి లేదు, డాక్టరు సర్టిఫికెట్ ఇస్తున్నంత కాలం వస్తుంది. ఆ రోజులకు జీతం తీసుకుంటే భృతి రాదు. ఈ కాలంలో మిమ్మల్ని పనిలోంచి తీసేయడానికి వీల్లేదు.

రెండో అంకె: బోర్డు వేసే శాతం

చికిత్స పూర్తయ్యాక కూడా లోపం మిగిలిపోతే శాశ్వత భృతి, అంటే పీడీబీ. ఇక్కడ చూసేది సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నది. కొన్ని గాయాలకు చట్టం షెడ్యూలులోనే శాతాలు రాసి ఉన్నాయి. రెండు చేతులూ పోతే 100. భుజం కీలు దగ్గర చెయ్యి తీసేస్తే 90. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50, మూడు పోతే 30, రెండు పోతే 20. బొటనవేలు ఒక్కటే అయితే 30, దాని చివరి కణుపు మాత్రమే అయితే 20. చూపుడు వేలు మొత్తం పోతే 14, నడిమి వేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 7. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40.

ఈ షెడ్యూలు కింద ఒక మాట ఉంది, చాలామందికి తెలియదు. అవయవం ఉండి కూడా శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోతే అది పోయినట్టే లెక్క. వేలు తెగలేదు కానీ నరం తెగి బిగుసుకుపోయింది, మడత పడదు, ఏదీ పట్టుకోలేదు. ఇలాంటివాళ్లు ‘వేలు ఉందిగా’ అని ఊరుకోకుండా ఫిజియోథెరపీ రిపోర్టులతో బోర్డు ముందుకు వెళ్లాలి.

షెడ్యూలులో లేని వెన్నుపూస దెబ్బలు, కాలిన గాయాలు, నరాల దెబ్బల విషయంలో శాతం బోర్డు అంచనా మీదే ఉంటుంది. అక్కడ మీరు చేసే పనిని విడమరిచి చెప్పండి: ఎంత బరువు ఎత్తుతారు, ఎంతసేపు నిలబడతారు, రెండు చేతులూ పెట్టాల్సిన మిషనా కాదా. మొహమాటానికి ‘పర్లేదు సార్, చేసుకోగలను’ అనే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. బోర్డు ముందు ఆ మాట వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధృవీకరణ పత్రం) శాతం వేరు, ఇది వేరు. పింఛను కోసం సదరం క్యాంపులో వేసిన 45 శాతం చూపించి ఈఎస్‌ఐలో 45 అడిగితే ఇవ్వరు. అలాగే సదరంలో 40 రాలేదని ఇక్కడ నిరాశ పడక్కర్లేదు. ఈఎస్‌ఐలో అలాంటి కనీస శాతం లేదు, 5 శాతం వేసినా భృతి వస్తుంది.

దరఖాస్తు దారి

ప్రమాదం జరగగానే సూపర్‌వైజరుకో యజమానికో చెప్పి ప్రమాదాల పుస్తకంలో రాయించండి. తేదీ, టైము, ఏ మిషన్, ఎవరు చూశారు, శరీరంలో ఏ భాగం అన్నవి అందులో ఉండాలి. కుడిచెయ్యి బదులు ఎడమచెయ్యి అని పడితే తర్వాత నెలల తరబడి తిప్పుతారు. యజమాని ఫారం 12లో ప్రమాద నివేదికను 24 గంటల్లో పంపాలి. పంపలేదని తెలిస్తే మీరే, లేదా ఇంట్లోవాళ్లు బ్రాంచ్ ఆఫీసుకు కాగితం రాసి రసీదు తీసుకోండి. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా కావాలి. ప్రాణం మీదికొస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్లండి. ఆ కాగితాలు దాచి, వీలైనంత త్వరగా మీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చూపించి సర్టిఫికెట్ రాయించుకోండి.

తాత్కాలిక భృతికి ఫారం 9, దానితో డిస్పెన్సరీ సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా వివరాలు. పోర్టల్‌లో కూడా క్లెయిమ్ పెట్టొచ్చు. పనికి వెళ్లొచ్చని చివరి సర్టిఫికెట్ ఇచ్చాక లోపం మిగిలితే, మెడికల్ బోర్డుకు పంపమని బ్రాంచ్ మేనేజరుకు దరఖాస్తు ఇవ్వండి. వాళ్లే పంపిస్తారులే అని కూర్చోవద్దు. బోర్డు తేదీకి ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ వివరాలు అసలు కాపీలతో వెళ్లండి. లోపం ఇంకా స్థిరపడలేదనిపిస్తే బోర్డు అప్పటికి ఒక శాతం వేసి, మళ్లీ రమ్మంటుంది. ఆ తేదీ తప్పించుకోకండి.

శాతం తేలాక ఫారం 14లో శాశ్వత భృతి అడగాలి. తాత్కాలిక భృతి ఆగిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయి మొత్తం ఖాతాలో వేస్తారు. ఆ తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరినా, జీతం పెరిగినా, రిటైరైనా ఈ భృతి ఆగదు. ధరలు పెరిగే కొద్దీ పాత రేట్లను సంస్థ అప్పుడప్పుడు పెంచుతుంది కూడా. బతికే ఉన్నట్టు ధృవీకరణ పత్రం మాత్రం అడిగినప్పుడల్లా ఇస్తుండాలి. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి ఫారాల నంబర్లు మారితే బ్రాంచ్ ఆఫీసులో అడిగి కొత్తది తీసుకోండి.

రోజు భృతి 10 రూపాయలు దాటకపోతే, మొత్తం విలువ 60,000 లోపు ఉంటే నెలనెలా కాకుండా ఒకేసారి తీసుకునే వీలుంది. అప్పు తీర్చాలన్న తొందర ఉంటే తప్ప నెలవారీగానే ఉంచుకోమంటాను. ఒకసారి తీసుకుంటే తర్వాతి పెంపులు మీకు వర్తించవు.

బోర్డు వేసిన శాతం అన్యాయం అనిపిస్తే, నిర్ణయం చేతికందిన మూడు నెలల్లో మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు గానీ, నేరుగా ఉద్యోగుల బీమా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. నోటీసు కవరు మీద తేదీ ముద్ర ఉంటుంది, దాన్ని పారేయకండి. తర్వాత ఎప్పుడైనా గాయం ఊహించనంతగా ముదిరితే పునఃసమీక్ష కూడా అడగొచ్చు. గాయం వల్ల పనే మానేయాల్సి వచ్చినవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే, రిటైరయ్యే వయసు వచ్చేదాకా తమకూ, భార్యకు లేదా భర్తకూ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. ఇది కూడా అదే బ్రాంచ్ ఆఫీసులో అడగాలి.